ఆ శాలువా కప్పకుండా ఉండాల్సింది

డిసెంబరు ఆఖరి వారంలో మన మెల్‌బోర్న్ తెలుగువాళ్ల సంఘం విశాఖలో పెట్టిన సేవా కార్యక్రమానికి నేనూ వెళ్లాను. మెల్‌బోర్న్‌లో బడులకు పెద్ద సెలవులు కాబట్టి మనవాళ్లు చాలామంది విశాఖలోనే ఉన్నారు. జ్యోతి ప్రజ్వలన, దాతల పేర్లు, పిల్లల కూచిపూడి, సన్మానాలు, చివర్లో స్కాలర్‌షిప్పుల చెక్కులు. వరస మీకు తెలిసిందే. సన్మానాల్లో మూడో పేరు దగ్గర వ్యాఖ్యాత గొంతు పెంచి, "నిందలు మోసి, కోర్టుల చుట్టూ తిరిగి, చివరికి అప్పీలులో కడిగిన ముత్యంలా బయటికొచ్చిన మన మాస్టారు" అన్నారు. చప్పట్లు మోగాయి. నేనూ రెండు మూడు చప్పట్లు కొట్టాక గానీ అది ఏ కేసో వెలగలేదు. పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కింద పెట్టిన కేసు. శాలువా కప్పినాయన మైకు తీసుకుని ఇంకో మాట కలిపారు: "పిల్లలు చెప్పిందల్లా నమ్మి పెద్దమనుషుల పరువు తియ్యకండి."

నాకు రెండు వరసల ముందు, చెక్కులు అందుకునేవాళ్ల కుర్చీల్లో, నాకు బాగా తెలిసిన ఒకావిడ కూర్చుని ఉంది. ఆవిడ కొడుకు డిప్లొమా చదువుకి మన సంఘమే సాయం చేస్తోంది. పిల్లవాడి పేరు పిలిచినప్పుడు ఆవిడ లేవలేదు. "నువ్వెళ్లి తెచ్చుకో" అని వాణ్ణి ఒక్కణ్ణే పంపి, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ తల వంచుకుని ఉండిపోయింది. ఆవిడ కూతురు చిన్నతనంలో ఇలాంటి కేసులోనే కోర్టుకెక్కి సాక్ష్యం చెప్పింది. ఆ రోజు ఆ పిల్ల పక్కన కూర్చున్నది నేను.

పిల్ల పేరు, కాలనీ, సంవత్సరం రాయను. బాధిత పిల్లల ఆనవాలు తెలిసే ఏ వివరమూ బయటపెట్టకూడదని పోక్సో చట్టమే చెబుతోంది. 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఆ మాటను మరింత గట్టిగా చెప్పింది. ఆ కుటుంబం మా అక్కవాళ్ల ఇంట్లో కింది వాటాలో అద్దెకుండేది. తండ్రి ఆటో నడిపేవాడు. పిల్లకి లెక్కల ట్యూషను. జరిగింది జరిగినప్పుడు దానికి పదకొండేళ్లు. సాక్ష్యం చెప్పే రోజు వచ్చేసరికి పదమూడు నిండబోతున్నాయి. కేసు విచారణకు తీసుకున్న 30 రోజుల్లో పిల్ల సాక్ష్యం నమోదు కావాలని, ఏడాదిలో విచారణ ముగియాలని ఉంటుంది, వీలైనంతవరకూ అని ఒక ముక్క తోడుగా ఉంటుంది. ఆ ముక్కలోనే ఏళ్లు గడిచిపోతాయి.

అమ్మ సంవత్సరీకానికి నేను విశాఖలో ఉన్నాను. వాళ్లమ్మ పైకొచ్చి, "అక్కా, నాకు లోపల కాళ్లు వణుకుతాయి, మీరు తోడు రండి" అంది. పిల్లకి నమ్మకమున్న మనిషి ఎవరైనా కోర్టు హాల్లో పక్కన ఉండొచ్చు. ఈ సంగతి అప్పటిదాకా నాకూ తెలీదు.

పొద్దున్న పదింటికి వెళ్తే పిలుపు మూడున్నరకి వచ్చింది. అప్పటికి పిల్ల ఒక బిస్కెట్ పాకెట్టులో అన్నీ రెండేసి ముక్కలు చేసి, ఒక్కటీ తినకుండా, మళ్లీ కాగితంలో సర్దిపెట్టింది. లోపల ముద్దాయి కనపడకుండా తెర కట్టారు. న్యాయమూర్తి మంచావిడ. ముందు ఏ క్లాసు, ఏ కూర ఇష్టం అని అడిగి పిల్లని కుదుటపరిచారు. అవతలి లాయరు పిల్లను నేరుగా అడగకూడదు. ప్రశ్న న్యాయమూర్తికి చెబితే ఆవిడ తన మాటల్లో అడుగుతారు. ఇది 33వ సెక్షన్. పిల్ల శీలం మీద బురద చల్లే ప్రశ్నలు, బెదిరించే ప్రశ్నలు రానివ్వకూడదన్నదీ అందులోనే ఉంది. ఇవన్నీ ఆ రోజు పద్ధతిగా జరిగాయి.

అయినా ఒక ప్రశ్న దగ్గర చిక్కుకుంది. "ఏ రోజు?"

"అమ్మ కనకమహాలక్ష్మి గుడికెళ్లిన గురువారం" అంది పిల్ల.

విశాఖలో పుట్టినవాళ్లకి ఇంతకంటే స్పష్టమైన తేదీ ఉండదు. మార్గశిర గురువారాలు, బురుజుపేటలో తెల్లవారకుండానే మొదలయ్యే లైను, ఇంట్లో అమ్మ లేకపోవడం, ట్యూషనుకి ఒంటరిగా వెళ్లడం, అన్నీ అందులో ఉన్నాయి. కానీ లాయరు లేచి, మార్గశిరంలో గురువారాలు ఎన్ని, అందులో ఏది అని అడిగారు. పిల్ల వేళ్లు లెక్కపెట్టింది. మొదట రెండోది అంది, తర్వాత మూడోది అంది. పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో మొదటిది అని ఉంది. గుమస్తా టైపు చేస్తున్న చప్పుడు తప్ప హాల్లో ఏమీ వినపడలేదు. నా చెయ్యి పట్టుకున్న ఆ చిన్న అరచెయ్యి చెమటతో జారిపోవడం నాకింకా గుర్తుంది.

తర్వాత తండ్రి ఎక్కాడు. పిల్ల పుట్టిన తేదీ బర్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, బడి రికార్డులో ఒకటి. "ఒకటో క్లాసులో తీసుకోరని ఏడాది పెంచి రాయించాం సార్" అన్నాడు పాపం, దాచకుండా. మన ఇళ్లలో ఎవరు రాయించలేదు? మా ఇంట్లో ముగ్గురికీ జూన్‌లోనే పుట్టినరోజులు. కానీ పన్నెండేళ్ల లోపు పిల్లని తాకితే అది తీవ్రమైన నేరం, ఐదు నుంచి ఏడేళ్ల శిక్ష. పన్నెండు దాటితే, ఇంకే కారణమూ కలవకపోతే, మూడు నుంచి ఐదు. వయసు తేల్చడానికి చట్టం ముందు చూసేది బడి కాగితాన్నే. లాయరు అక్కడే ఇంకో మేకు కొట్టాడు: "కాగితం మీద అబద్ధం రాయించినవారు కోర్టులో నిజమే చెబుతారని ఏమిటి నమ్మకం?"

పిల్ల మొట్టమొదట చెప్పింది పిన్నికి. ఆ పిన్ని బోనెక్కి, "నాకేమీ చెప్పలేదండి" అంది. ప్రభుత్వ లాయరు గారు ఆవిడ ఎదురు తిరిగిందని నమోదు చేయించారు. ఆ పిన్ని మీద కోపం తెచ్చుకోవడం తేలిక. ఆవిడ అత్తవారు ఏమన్నారో, ఆవిడ ఆ రాత్రి ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. అయినా ఆ ఒక్క వాక్యం రికార్డులోకి ఎక్కింది.

కింది కోర్టు పిల్ల మాట నమ్మింది. గురువారం ఏదైతేనేం, జరిగిన సంగతి చెప్పడంలో పిల్ల ఎక్కడా తడబడలేదని రాసి శిక్ష వేసింది. ముద్దాయి అప్పీలు చేసుకున్నాడు, శిక్ష నిలిపివేసి బెయిలిచ్చారు. కొన్నేళ్ల తర్వాత వీధి చివర టపాసులు పేలితే ఆ తల్లికి తెలిసింది, పై కోర్టు అతన్ని వదిలేసిందని. అప్పీలు విచారణకొచ్చినట్టు ఆవిడకు ఎవరూ చెప్పలేదు, కనుక్కోవాలని ఆవిడకీ తెలీదు. నేరం జరిగింది మొదలు అప్పీలు ముగిసేదాకా ప్రతి దశలోనూ తమ మాట వినిపించుకునే హక్కు బాధితులకుందని సుప్రీంకోర్టు 2022లో లఖింపూర్ కేసులో చెప్పింది. ఆ హక్కు వాడుకోవాలంటే ముందు ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి కదా.

పిల్ల కేసులో పై కోర్టు ఇచ్చిన తీర్పు నేను ఇక్కడ మెల్‌బోర్న్‌లో, నా వంటగది బల్ల మీద పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఎక్కడా పిల్ల అబద్ధం చెప్పిందని లేదు. సందేహానికి తావుంది, ఆ సందేహం లాభం ముద్దాయికి దక్కాలి, అంతే. నేరం మోపినవారు మూల విషయాలు రుజువు చేస్తేనే పోక్సో 29వ సెక్షన్ కింద తాను నిర్దోషినని చూపించే భారం ముద్దాయి మీద పడుతుందన్నది కోర్టులు మొదటి నుంచీ చెబుతున్నదే. ఆ న్యాయమూర్తిని నేను తప్పుపట్టను. అప్పీలులో పిల్ల ముఖం కనపడదు. బిస్కెట్ ముక్కలు కనపడవు. మామూలుగా సాక్షుల్ని మళ్లీ పిలవరు, టైపు చేసిన కాగితాలు మాత్రమే పైకి వెళ్తాయి. ఆ కాగితాల్లో మూడు చిల్లులున్నాయి: ఫిర్యాదు నాలుగు నెలలు ఆలస్యం, తేడా వచ్చిన తేదీలు, ఎదురు తిరిగిన పిన్ని. ఆ ఆలస్యం ఎందుకో నాకు తెలుసు. ఇంట్లో మేనత్త పెళ్లుంది, "పెళ్లయ్యేదాకా నోరు మూసుకోండి" అన్నారు తాతగారు. తర్వాత సంక్రాంతి. తర్వాత పరీక్షలు. లైంగిక నేరాల్లో ఆలస్యం ఒక్కటే కేసును కూల్చదని 1996లో గుర్మీత్ సింగ్ కేసు నుంచీ ఉంది. అయితే ఆలస్యానికి కారణం చెప్పాలి. "మా మామగారు వద్దన్నారు" అని ఆ తల్లి కోర్టులో నోరు తెరవలేకపోయింది. పెద్దాయన బయట వరండాలోనే కూర్చుని ఉన్నారు.

సన్మానం జరిగిన మాస్టారి కేసు నాకు తెలీదు. ఆయన నిజంగా ఏ పాపమూ ఎరగనివారే కావచ్చు. తప్పు పడిన శిక్షను సరిదిద్దడానికే అప్పీలు ఉంది, అది లేని రాజ్యంలో నేను బతకలేను. మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లం క్యాథలిక్ మతపెద్ద కార్డినల్ పెల్ మీద నడిచిన పిల్లల లైంగిక నేరాల కేసు కళ్లారా చూశాం. 2018 డిసెంబరులో జ్యూరీ దోషి అంది. 2019లో మన రాష్ట్రం విక్టోరియా అప్పీలు కోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా దాన్ని నిలబెట్టింది. 2020 ఏప్రిల్ 7న ఇక్కడ అన్నిటికంటే పై కోర్టైన ఆస్ట్రేలియా హైకోర్టులో ఏడుగురు న్యాయమూర్తులూ ఒకే మాటగా కొట్టేశారు. జ్యూరీకి సందేహం కలిగి ఉండాల్సిందన్నారు. ఫిర్యాదు చేసినతను అబద్ధాలకోరని అనలేదు. ఈ తేడా ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మనకి అర్థమవుతుంది. విశాఖలో విమానం దిగగానే ఎందుకు మర్చిపోతాం?

సంస్థల్లో పిల్లల మీద జరిగిన లైంగిక నేరాలపై ఈ దేశం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, 2017లో ఇచ్చిన నివేదికలో ఒక అంకె నన్ను వదలదు. తమతో మాట్లాడిన బాధితులకు జరిగింది బయటికి చెప్పడానికి సగటున 23.9 ఏళ్లు పట్టిందని అందులో ఉంది. ఆలస్యంగా చెప్పేవారు సాధారణంగా నమ్మదగినవారు కారని జ్యూరీతో అనకూడదని విక్టోరియాలో 2015 నుంచి చట్టమే ఉంది. పిల్లల సాక్ష్యం ముందే వీడియోలో తీస్తారు, మళ్లీ విచారణ జరిగినా దాన్నే వాడుకోవచ్చు. మన పోక్సో చట్టంలో కూడా పిల్ల వాంగ్మూలాన్ని వీలైన చోట ఆడియో, వీడియో తీయాలని ఉంది. చట్టం విషయంలో మనం వెనకబడి లేం.

వెనకబడింది మన హాళ్లలో, మన ఇళ్లలో. మెల్‌బోర్న్‌లో మన ఆదివారం తెలుగు బడిలో వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లలతో పనిచేసేవారికి జరిపే నేర చరిత్ర పరిశీలన) లేనివారిని పిల్లల దగ్గరికి రానివ్వం. సంగతి తెలిసీ పోలీసులకు చెప్పకపోతే నేరమని భయపడతాం. ఇండియాలోనూ అలాంటి చట్టమే ఉంది, పోక్సో 19, 21 సెక్షన్లు. కానీ అక్కడికి వెళ్లగానే "మనలో మనం సర్దుకుందాం" అంటాం. నెమ్మదితనం, పెద్దల మాట దాటకపోవడం మనకి అందం అని నేను పెరిగాను, ఇప్పటికీ కొంత నమ్ముతాను. ఈ విషయంలో మాత్రం అదే అందం పిల్ల గొంతు నొక్కేస్తోంది. ఒక ఉపాధ్యాయుడి మీద పెట్టిన కేసును ఇంటివాళ్ల రాజీ చూపించి హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ రాజీ చెల్లదని కేసును మళ్లీ నిలబెట్టింది. రాజీ కుదర్చడానికి వెళ్లే మన పెద్దలు ఆ తీర్పు ఒకసారి చదవాలి.

సంఘాన్ని నేను చేతులు జోడించి అడిగేది ఇది. ఇలాంటి కేసుల్లో నిర్దోషిగా బయటపడ్డవారికి ప్రశాంతంగా బతికే హక్కు పూర్తిగా ఉంది, మన వేదిక మీద ఆ కేసు పేరు చెప్పి శాలువా మాత్రం వద్దు. సేవా నిధిలోంచి కొంత తీసి, కోర్టుకెళ్లే పిల్లల కుటుంబాలకు ఇద్దాం. విశాఖ నుంచి అమరావతి హైకోర్టు దాకా ప్రయాణం, ఒక రాత్రి బస, పిల్ల తరఫున మాట్లాడే లాయరు. పోక్సో 40వ సెక్షన్ ప్రకారం వాళ్లు సొంత లాయర్ని పెట్టుకోవచ్చు. కింది కోర్టు నిర్దోషి అని తీర్పిస్తే బాధితులు తామే అప్పీలు చేసుకోవచ్చు, హైకోర్టు అలా తీర్పిస్తే సుప్రీంకోర్టు అనుమతి అడగొచ్చు. ఈ రెండూ ఆ తల్లికి అప్పుడు ఎవరూ చెప్పలేదు. విశాఖలో మన వాలంటీర్లు ముప్పై మంది దాకా ఉన్నారు. అప్పీలు ఏ రోజు బెంచి మీదకొస్తుందో చూసి ఆ ఇంటికి ఫోన్ చెయ్యడానికి ఒక్కరు చాలు.

ఉగాది తర్వాత సర్వసభ్య సమావేశంలో ఇదే తీర్మానంగా పెడుతున్నాను. బలపరచడానికి ఒక సభ్యుడో సభ్యురాలో కావాలి. సమావేశానికి వారం ముందు కార్యదర్శి గారికి పేరు ఇవ్వండి.