ఉద్దానం సంబంధాలు, పాక్స్2 జీన్, ఒక వాట్సాప్ మెసేజ్

"ఉద్దానం వాళ్లకి పాక్స్2 జీన్ చెడిపోయింది, అందుకే కిడ్నీలు పోతున్నాయి. ఆ ఊళ్ల సంబంధాలు చేసుకోవద్దు. గలిజేరు కషాయం తాగితే జీన్ ఆన్ అయి కిడ్నీ మళ్లీ పెరుగుతుంది. టమాటా గింజలు తీసేయాలి. గర్భిణులు బాగా తినాలి." ఉద్దానం అంటే శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. శ్రీకాకుళంలో మా చుట్టాల గ్రూపులన్నీ ఇదే పంపుతున్నాయి. పంపేవాళ్లలో సైన్స్ మాస్టార్లూ ఉన్నారు!

టమాటా గింజల గోల కిడ్నీలో రాళ్ల గురించిన పాత పుకారు. వదిలేద్దాం.

పాక్స్2 అంటే కడుపులో బిడ్డకు కిడ్నీ కట్టే పనిలో ఉండే జీన్, దాన్నుంచి తయారయ్యే ప్రొటీన్‌కీ అదే పేరు. అయితే అది ఒక్కటే కిడ్నీని కట్టేయదు. ఇయా1, హాక్స్11 ప్రొటీన్లు దానికి తోడైతే కిడ్నీ కట్టే సిక్స్2, జీడీఎన్ఎఫ్ జీన్లు పనిలోకి దిగుతాయి. గ్రౌచో రకం ప్రొటీన్ తోడైతే అదే పాక్స్2 వేరే జీన్ల నోరు మూయిస్తుంది. నాగలిస్తే దున్నుతాడు, కొడవలిస్తే కోస్తాడు, మనిషి ఒకడే. ఇయా1 అయితే సొంతంగా డీఎన్ఏను పట్టుకోనైనా పట్టుకోలేదు. అయినా అది చెడితే చెవులు, మెడ, కిడ్నీలు దెబ్బతినొచ్చు.

ఇక సంబంధాల మాట. నాకు ఒళ్లు మండింది ఇక్కడే. పాక్స్2 జీన్ రెండు ప్రతుల్లో ఒకటి చెడినా కిడ్నీలు చిన్నవిగా ఏర్పడొచ్చు, కంటి నరం దగ్గర లోపం కనిపించొచ్చు. అదంతా పుట్టుకతో వచ్చేది. ఉద్దానంలోని కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరుల్లో జబ్బు పడుతున్నవాళ్లు ఎక్కువగా పెద్దవాళ్లు, ఏళ్ల తరబడి పొలాల్లో, తోటల్లో ఎండకు ఒళ్లొంచినవాళ్లు. వాళ్ల కళ్లు ఎప్పుడు చూశారు, వాట్సాప్ డాక్టరుగారూ? అసలు కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వస్తోంది కాబట్టి వారసత్వం పాత్ర కొంత ఉండొచ్చు, కాదనను. కానీ ఆ ఇంటివాళ్లంతా తాగేది ఒకే బావి నీళ్లు, దిగేది ఒకే పొలం. హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్లు తెచ్చింది, 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచింది ఊరికేనా? తేలని దానికి ఒక జీన్ పేరు తగిలించి ఆడపిల్లల పెళ్లిళ్లు చెడగొడతారా?

కషాయం సంగతి. నెఫ్రాన్లు, అంటే కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చిన్న జల్లెడలు, తయారయ్యేది కడుపులో ఉన్నప్పుడే, సుమారు 36 వారాల వరకు. ఆ తర్వాత కొత్తవి రావు. పెద్దయ్యాక పాక్స్2 మళ్లీ ఆన్ అయి కనిపించేది చాలా కిడ్నీ కేన్సర్లలో. అంటే మీ కషాయం నిజంగా పనిచేస్తే పరుగెత్తాల్సింది కేన్సర్ వార్డుకి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు ఆకు కషాయాల్లోని పొటాషియమే గుండెకు ముప్పు. దీన్ని నమ్మి డయాలసిస్ మానేస్తే ప్రాణం పోతుంది.

గర్భిణుల తిండి గురించి రాసింది మాత్రం నిజమే. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డల్లో నెఫ్రాన్లు తక్కువగా ఉంటాయి, ఆ లోటు తర్వాత పూడదు. ఆ ఒక్క వాక్యం ఉంచి మిగతాది చెరిపేసి పంపండి, నేనూ ఫార్వర్డ్ చేస్తాను.