ముందు ఫొటో, తర్వాతే పాలు

ఉత్తర చెన్నైలో ఒక కార్పొరేషన్ స్కూలు. ఇళ్లలోకి వాన నీళ్లొచ్చిన కుటుంబాలు ఇప్పుడు అక్కడే తలదాచుకుంటున్నాయి. మొన్న పొద్దున ఏడింటికే పాల ప్యాకెట్లు, బ్రెడ్డుతో వ్యాను వచ్చి గేటు దగ్గర ఆగింది. పంపకం మొదలైంది మాత్రం పదిన్నరకు. నాయకుడు రావాలి, బ్యానర్ కట్టాలి, ఫొటోగ్రాఫర్ కుదురుకోవాలి. అందాకా పిల్లల్ని పొట్టీ పొడుగూ చూసి వరసలో నిలబెట్టారు. ఒక నాలుగేళ్ల పాప చేతిలో ప్యాకెట్ పెట్టి, ఫొటో సరిగా రాలేదని లాక్కుని, మళ్లీ ఇవ్వబోయారు. రెండోసారి ఆ పాప చెయ్యి చాపలేదు. ‘సిరి పాపా, సిరి’ (నవ్వు పాపా, నవ్వు) అని తమిళంలో బతిమాలారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పారిశుద్ధ్య కార్మికుల బిడ్డ. భాష తెలియక కాదు, ఇచ్చిన పాలు ఎందుకు లాక్కున్నారో తెలియక నవ్వలేదు.

అది ఏ స్కూలో, ఏ పేటో ఇక్కడ రాయడం లేదు. రాయకూడదని చట్టం ఉంది కాబట్టి.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకృతి విపత్తు బారిన పడిన పిల్లలను కూడా ‘సంరక్షణ, రక్షణ అవసరమైన’ పిల్లల్లోనే చేర్చింది. విచారణ జరిపే బాలల సంక్షేమ కమిటీ ఆ బిడ్డ మేలు కోసమని అనుమతిస్తే తప్ప పేరు, చిరునామా, స్కూలు, ఫొటో ఏదీ బయటపెట్టకూడదని 74వ సెక్షన్ చెబుతోంది. మీరితే 6 నెలల దాకా జైలు, లేదా 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మొన్నటి ఫొటోలో పిల్లల ముఖాలున్నాయి, వెనక గోడ మీద స్కూలు పేరూ ఉంది. చట్టం దాచమన్నవన్నీ ఒకే ఫ్రేములో పట్టారు!

దాతలకు లెక్క చూపాలి, ఫొటో చూస్తే ఇంకో నలుగురు ముందుకొస్తారు అన్న వాదన ఉంది. కావచ్చు. అయితే వ్యాను ఫొటో తీయండి, సరుకు గుట్ట తీయండి, బిల్లులు పెట్టండి. లెక్కకు పిల్లల ముఖాలెందుకు?

ఇంట్లో తమ పిల్లల పుట్టినరోజు ఫొటో స్టేటస్‌లో పెట్టేటప్పుడు దిష్టి తగులుతుందని ముఖం మీద ఎమోజీ అతికించేది వీళ్లే. పరాయి బిడ్డ ముఖానికి ఆ ఎమోజీ గుర్తు రాదు. కార్మికుల పిల్లలకు దిష్టి తగలదేమో మరి!

చెన్నైకి ఈ జబ్బు కొత్త కాదు. 2015 డిసెంబర్ వరదల్లో సహాయం పొట్లాల మీద అప్పటి ముఖ్యమంత్రి స్టిక్కర్లు అంటించారని పెద్ద దుమారమే రేగింది. అప్పుడు కనీసం పొట్లం మీద అంటించారు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను రోజుల్లో పాల ప్యాకెట్ కోసం ఊరంతా తిరిగిన తల్లిదండ్రులకు, ఈ రోజు వ్యాను నిండా పాలు పెట్టుకుని పిల్లల్ని మూడున్నర గంటలు నిలబెట్టడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2004 సునామీ తర్వాత తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లల్ని ఎవరు పడితే వాళ్లు తీసుకుపోకుండా తమిళనాడు ప్రభుత్వం నాగపట్నంలో ప్రత్యేకంగా హోమ్‌లే తెరిచింది. ఏ బిడ్డ ఎక్కడుందో, ఎవరూ లేకుండా ఉందో లేదో ఊరంతటికీ చాటే ఫొటో ఆ జాగ్రత్తనంతా నీళ్లపాలు చేస్తుంది.

అదే ఫొటోలో ఒక మూల, చంటిబిడ్డ తల్లికి పాలపొడి డబ్బా, పాలసీసా అందిస్తున్నారు. అనాథాశ్రమాలకు తప్ప వీటిని ఉచితంగా పంచకూడదని 1992 నాటి చట్టం చెబుతోంది. అయినా సీసా కడగడానికి శిబిరంలో మంచి నీళ్లేవి? ఆ తల్లికి కావలసింది చాటుగా పాలివ్వడానికి ఒక గది, ఒక పూట తిండి. అవి ఫొటోలో బాగా పడవు.

ఇంతా చెప్పి మా తప్పు దాచుకోలేం. ఇలాంటి ఫొటోలు మా పత్రిక జిల్లా పేజీల్లోనూ వచ్చాయి. ప్రెస్ నోటుతో పాటు వస్తే, పేజీలో ఖాళీ ఉంటే వేసేశాం. మొన్నటిది వేయలేదు, ఇక ముందు కూడా వేయం.

కార్పొరేషన్ అధికారులు ఏం చూస్తున్నారు? శిబిరం గేటు దగ్గర రిజిస్టర్ ఉంటుంది కదా, ఫోన్లు, కెమెరాలు అక్కడే పెట్టించడానికి ఎవరి అనుమతి కావాలి? నాయకుడొస్తే లేచి నిలబడే సిబ్బందికి ఆ ఒక్క మాట చెప్పే ధైర్యం లేకపోతే, శిబిరం నడిపేది ఎవరు?

పదిన్నర దాకా వ్యానులోనే ఉన్న పాలలో కొన్ని ప్యాకెట్లు మధ్యాహ్నం కాచేసరికి విరిగిపోయాయి. దాని ఫొటో మాకెవరూ పంపలేదు.