"ఏ యాప్ ఇది?" అని అడిగిన మా బావగారి గురించి

ఇందాకే మా ఫ్యామిలీ గ్రూపులో అరకు ఫొటోలు పెట్టాను. ఫిల్మ్ కెమెరాతో తీసినవి కదా, రీళ్లు కడిగించి, స్కాన్‌లు చేతికి వచ్చేసరికి ఆలస్యమైంది, నిజమే. పెట్టిన రెండు నిమిషాలకి పెద్దబావ మెసేజ్: "బాగున్నాయిరా, ఏ యాప్ ఇది?" దాని కింద పిన్ని చప్పట్లు, అత్తయ్య దండం బొమ్మ. ఏ యాప్ అట! ట్రిప్పంతా నా పక్కనే నిలబడి, నేను ఫోకస్ చేసిన ప్రతిసారీ "ఇంకా తెమలదా నీకు?" అని సణిగిన మనిషి అడుగుతున్నాడు ఈ మాట.

నేను మోసుకెళ్లింది నికాన్ ఎఫ్ఎం2 అనే పాత ఫిల్మ్ కెమెరా, ఒక్కటంటే ఒక్క 35 ఎంఎం లెన్స్. బ్యాటరీ అయిపోయినా వెలుతురు కొలిచే మీటర్ ఒక్కటే ఆగుతుంది, షట్టర్ పనిచేస్తూనే ఉంటుంది. కొండ మీద బటన్ సెల్ కోసం కొట్టు కొట్టుకీ తిరగక్కర్లేదు. జూమ్ పెట్టుకోవచ్చుగా అని ఎవరూ కామెంట్ చెయ్యకండి. చంకలో పిల్లాడు, భుజాన పులిహోర డబ్బాల సంచి ఉన్నవాడికి జూమ్ తిప్పడానికి మూడో చెయ్యి లేదు. యూట్యూబ్ మేధావులైతే మూడు బాడీలు, అంటే మూడు కెమెరాలు, తీసుకెళ్లమంటారు, కలర్‌కి ఒకటి, బ్లాక్ అండ్ వైట్‌కి ఒకటి, జేబులోకి ఒకటి. వాళ్లకి పెళ్లాం పిల్లలు ఉన్నారా అని నాకు అనుమానం.

రెండో బాడీ ఉంటే సుఖమే, కాదనను. "ఇంకో కెమెరా సంచిలో కనిపిస్తే నేను రాను" అని మా ఆవిడ ముందే చెప్పేసింది. దాంతో బొర్రా గుహల దగ్గర నా అవస్థ చూడాలి. బయట ఎండకి కొడాక్ గోల్డ్ 200 కలర్ ఫిల్మ్ చాలు. లోపలి చీకటికి ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ వేసి 1600కి పుష్ చెయ్యాలి, అంటే తక్కువ వెలుతుర్లో తీసి, కడిగేటప్పుడు ఎక్కువసేపు కడిగించాలి. ఒక్క కెమెరాతో రెండు ఫిల్ములంటే సగం వాడిన రీలు వెనక్కి చుట్టాలి, ఫిల్మ్ తోక మొత్తం డబ్బాలోకి పోకుండా చెవి ఆనించి వినాలి, అవతలి స్పూలు నుంచి అది ఊడిన చప్పుడు రాగానే ఆపెయ్యాలి, డబ్బా మీద ఎన్నో ఫ్రేమో మార్కర్‌తో రాసుకోవాలి. మళ్లీ ఎక్కించేటప్పుడు లెన్స్‌కి మూత పెట్టి, అంతకుముందు తీసినన్ని ఫ్రేములూ ఉత్తినే నొక్కుకుంటూ పోవాలి. ఇదంతా మెట్ల మీద గొంతుక్కూర్చుని చేస్తుంటే పైనుంచి బావ, "టికెట్లు తీసేశాం, నీ పూజ అయిందా?" అని కేక. తీరా లోపలికి వెళ్తే ఆ సున్నపురాయికి ఎరుపు, పచ్చ లైట్లు వేసి జాతర పందిరి చేసి పెట్టారు!

ఎయిర్‌పోర్టులో ఇంకో భాగోతం. చెక్-ఇన్ లగేజీకి వాడే ఎక్స్‌రే ఫిల్మ్‌ని పాడుచేస్తుందని, కొత్త సీటీ స్కానర్లలోనూ పెట్టొద్దని కొడాక్ వాళ్లే చెప్తారు. అందుకే రీళ్లు ప్లాస్టిక్ కవర్లో పట్టుకుని, చేత్తో చూడండి సార్ అని బతిమాలుతున్నాను. బావ పక్క లైన్లోంచి, "మావాడికి కొంచెం చాదస్తం సార్, మీరు వేసెయ్యండి" అన్నాడు. వేసెయ్యండి! ఒక్కో రీలు కొని, కడిగించి, స్కాన్ చేయించేసరికి ఎంతవుతోందో ఆయనకేం తెలుసు? అన్నీ బయటి దేశాల సరుకే. ఒకప్పుడు ఊటీలో హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ అని మన ప్రభుత్వ ఫ్యాక్టరీయే ఉండేది, 'ఇందు' పేరుతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ చేసేది. అదీ మూతపడింది. దాని గురించి మొదలుపెడితే రాత్రవుతుంది, వదిలేస్తున్నా.

అసలు ఈయనకీ రీళ్లకీ పాత లెక్క ఒకటుంది. తొంభైల్లో, అక్క పెళ్లయిన కొత్తలో, అందరం శ్రీశైలం వెళ్లాం. నాన్న తన యాషికా ఎంఎఫ్-2 ఫిల్మ్ కెమెరా నా చేతికిచ్చారు, మొట్టమొదటిసారి. సాక్షి గణపతి గుడి ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో, "ఎన్ని పడ్డాయో చూద్దాం ఇలా ఇవ్వరా" అని తీసుకుని వెనక తలుపు తెరిచేశాడు కొత్తల్లుడు. వెలుతురు తగిలి అప్పటిదాకా తీసినవన్నీ పోయాయి. పాతాళగంగ మెట్ల మీద అమ్మానాన్నా, బస్సు కిటికీలో తమ్ముడూ, అన్నీ. డబ్బాలో ఇంకా చుట్టుకుని ఉన్న ఫిల్మ్ మాత్రం బతికింది. దాని మీద ఎవరు పడ్డారనుకుంటున్నారు? డ్యామ్ ముందు నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఈయనే. ఆ ఫొటో ఫ్రేము కట్టించి హాల్లో తగిలించుకున్నారు కూడా.

సరే, పోనీ అనుకుందాం. కానీ తిట్లు తిన్నది నేను. కొత్తల్లుణ్ణి ఏమీ అనలేక నాన్న నన్ను వాయించారు. ఇప్పటికీ పండక్కి అందరం చేరితే, "చిన్నప్పుడు వీడు శ్రీశైలం రీలు తగలబెట్టాడు" అని బావే చెప్తాడు, అందరూ నవ్వుతారు. అక్క అక్కడే ఉంది ఆ రోజు. తలుపు తీసింది ఎవరో కళ్లారా చూసింది. ఒక్కసారి, ఒక్కసారైనా నోరు విప్పిందా?

అక్కా, ఈ పోస్ట్ నువ్వు చూస్తావని నాకు తెలుసు. చెప్పు మరి.