క్లాట్‌లో 90 రాకపోతే లాంగ్ టర్మేనా? ఆ కటాఫ్ ఫార్వర్డ్ గురించి

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. మొదట ఫ్యామిలీ గ్రూపులో, తర్వాత పాత ఆఫీసు వాళ్ల గ్రూపులో, ఇప్పుడు స్కూల్ పేరెంట్స్ గ్రూపులో, కింద "చాలా ఉపయోగకరమైన సమాచారం, మీ వాళ్లందరికీ పంపండి" అని దండాల బొమ్మలతో సహా. "లా, మేనేజ్‌మెంట్ ఎంట్రెన్స్ కటాఫ్‌లు, ప్రతి తల్లిదండ్రీ తెలుసుకోవాల్సిన నిజాలు" అని హెడ్డింగు. పంపేవాళ్లందరూ మంచి మనుషులే, పిల్లల మీద ప్రేమతోనే పంపుతున్నారు, అందుకే ఇన్నాళ్లూ ఏమీ అనలేదు. కానీ నిన్న ఒక తండ్రి దీన్ని చదివి "మావాడికి క్లాట్‌లో 84 వచ్చిందండీ, ఇంక కౌన్సెలింగ్ ఎందుకులెండి, లాంగ్ టర్మ్ కోచింగ్‌లో వేసేస్తా" అని గ్రూపులో రాశాడు, దానికి పదిమంది థంబ్స్అప్ కొట్టారు. ఇంక ఊరుకోలేక రాస్తున్నా.

మెసేజ్ చూడనివాళ్ల కోసం, అందులో ఉన్నది ఇదీ. క్లాట్‌లో (నేషనల్ లా యూనివర్సిటీల ఎంట్రెన్స్) 100 వస్తే హైదరాబాద్‌లోని నల్సార్, 90 వస్తే ఏదో ఒక ఎన్‌ఎల్‌యూ (నేషనల్ లా యూనివర్సిటీ) గ్యారంటీ, 90కి తగ్గితే కౌన్సెలింగ్ ఫీజు దండగ, ఒక సంవత్సరం ఆగి కోచింగ్‌లో చేరడం మేలు. ఐపీమ్యాట్‌లో (ఇంటర్ తర్వాత ఐఐఎంల్లో ఐదేళ్ల మేనేజ్‌మెంట్ కోర్సు ఐపీఎంకి ఎంట్రెన్స్) టోటల్ 250 దాటితే ఐఐఎం సీటు వచ్చినట్టే. ఇంటర్ మార్కులు కటాఫ్‌లో కలుపుతారు. లాసెట్‌లో (రాష్ట్ర లా కాలేజీల ఎంట్రెన్స్) 42 వస్తే సీటు. ఒక్క బిట్టు కూడా వదలకుండా అన్నీ పెట్టెయ్యాలి. బీసీ సర్టిఫికెట్ ఉంటే కటాఫ్ సగానికి పడిపోతుంది.

చిన్నవి ముందు చూసేద్దాం. ఇంటర్ మార్కులు క్లాట్ ర్యాంకులో కలపరు. జనరల్ వాళ్లకి 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకి 40 శాతం ఉండాలి, అది అర్హత మాత్రమే, అక్కడితో దాని పని అయిపోయింది. ఐఐఎంల ఐపీఎం సంగతి వేరు, ఒక్కో ఐఐఎంది ఒక్కో పద్ధతి, ఆ సంవత్సరం అడ్మిషన్ పాలసీ తీసి చదవాల్సిందే.

లాసెట్‌లో 42 అంటే 120లో 35 శాతం, అది క్వాలిఫై అవ్వడానికి. ఎస్సీ, ఎస్టీలకి ఆ మినిమం కూడా లేదు. క్వాలిఫై అయితే ర్యాంకు ఇస్తారు, సీటు వచ్చేది ఆ ర్యాంకుని బట్టి. ఎంసెట్‌లో క్వాలిఫై అయిన ప్రతివాడికీ టాప్ కాలేజీలో సీటు వచ్చిందా మన ఇళ్లల్లో? రాలేదని అందరికీ తెలుసు, మరి లాసెట్ అనేసరికి ఆ సంగతి ఎందుకు మర్చిపోతున్నారో నాకర్థం కావట్లేదు.

ఇప్పుడు అసలు విషయం, ఆ 90 మార్కుల గీత. ఈ ఒక్క లైను వల్ల పిల్లలు నష్టపోతున్నారు కాబట్టి దీనిమీద ఎక్కువ మాట్లాడతా, ఓపిగ్గా చదవండి.

ముందుగా, 90 ఎంతకి? 2020 నుంచి 2023 దాకా క్లాట్ 150 ప్రశ్నల పేపర్. 2024 అడ్మిషన్ల పరీక్ష నుంచి 120 ప్రశ్నలకి తగ్గించారు. 150లో 100 అంటే మూడింట రెండొంతులు, 120లో 100 అంటే 83 శాతం. రెండింటికీ మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. మెసేజ్‌లో పెట్టిన చార్టులో సంవత్సరం లేదు, మొత్తం మార్కులు ఎన్నో లేదు, ఏ రౌండో లేదు, ఏ కేటగిరీయో లేదు. అవేమీ లేకుండా పక్కన నంబర్ వేస్తే దాన్ని కటాఫ్ అంటారా? సంవత్సరం ఉన్నా కూడా జాగ్రత్తగా చూసుకోవాలి, క్లాట్ 2025 అంటే 2024 డిసెంబర్ 1న రాసిన పరీక్ష, పేరులో ఉన్నది అడ్మిషన్ సంవత్సరం. చాలామంది చార్టులు చేసేటప్పుడు ఇక్కడే ఒక ఏడాది అటూ ఇటూ చేసేస్తున్నారు.

ఆ 2025 పరీక్ష సంగతే తీసుకోండి. రిజల్ట్స్ వచ్చాక ఆన్సర్ కీ తప్పులున్నాయని పిల్లలు కోర్టుకెళ్లారు, ఢిల్లీ హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, చివరికి 2025 మేలో మార్కులు, ర్యాంకులు సవరించి మళ్లీ ఇచ్చారు. అంటే డిసెంబర్‌లో వచ్చిన స్కోర్ కార్డులు చూసి ఎవరైనా చేసిన చార్టు ఉంటే అది మే నాటికే చిత్తు కాగితం. కానీ గ్రూపుల్లో అవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

పేపర్ ఈజీగా వస్తే అందరికీ మార్కులు పెరుగుతాయి, అదే ర్యాంకుకి ఎక్కువ మార్కులు కావాలి. టఫ్‌గా వస్తే అదే పిల్లాడికి తక్కువ మార్కులతో మంచి ర్యాంకు వస్తుంది. ఒక ఏడాది 80 మార్కులకి వచ్చిన ర్యాంకు ఇంకో ఏడాది 90కి కూడా రాకపోవచ్చు. క్లాట్ పెట్టే ఎన్‌ఎల్‌యూల కాన్సార్షియం పరీక్షకి ముందు కూర్చుని "ఈసారి నల్సార్‌కి ఇన్ని" అని గీత గియ్యదు. కౌన్సెలింగ్‌లో ఒక కాలేజీలో, ఒక కేటగిరీలో, ఆ రౌండ్లో చివరి సీటు తీసుకున్న పిల్లాడి ర్యాంకు ఏదైతే ఉందో అదే కటాఫ్, అది సీట్లు నిండాకే పుడుతుంది. కాబట్టి పాత సంవత్సరాలవి చూడాలంటే మార్కులు వదిలేసి క్లోజింగ్ ర్యాంకులు చూడండి, అవి సంవత్సరానికీ సంవత్సరానికీ మార్కులంత దారుణంగా ఊగవు.

పైగా చాలామంది ఒకే మార్కు దగ్గర గుంపుగా ఉంటారు. పావు మార్కు తేడాకి ర్యాంకు బోలెడంత కిందకి పోతుంది. మార్కులు సమానమైతే లీగల్ రీజనింగ్‌లో ఎవరికి ఎక్కువొస్తే వాళ్లు ముందు, అదీ సమానమైతే వయసులో పెద్దవాళ్లు, అప్పటికీ తేలకపోతే డ్రా. ఇంత సన్నగా తేలే వ్యవహారంలో "90 అయితే గ్యారంటీ, 89 అయితే సున్నా" అని రాసినవాడు ఒక్క కౌన్సెలింగ్ అయినా దగ్గరుండి చూశాడా?

ఇంకోటి, ఆ నంబర్లు చూస్తే ఆలిండియా జనరల్ లిస్టువి. తెలంగాణ పిల్లలకి నల్సార్‌లో లోకల్ కోటా ఉంది, ఆంధ్రా పిల్లలకి విశాఖలోని దామోదరం సంజీవయ్య యూనివర్సిటీలో ఉంది. లోకల్ లిస్టు మామూలుగా ఆలిండియా లిస్టు కంటే బాగా కిందిదాకా వెళ్తుంది. మన గ్రూపుల్లో ఉన్నవాళ్లలో సగం మందికి అసలు చూసుకోవాల్సిన లిస్టు అదే, అది మాత్రం మెసేజ్‌లో లేదు! హైదరాబాద్ పిల్లకి ఆలిండియా జనరల్ నంబర్ చూపించి నీకు రాదు పో అనడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

రౌండ్ల సంగతి కూడా చెప్పాలి. ఫస్ట్ లిస్టులో పైనున్న పిల్లలు చాలామంది ఢిల్లీ ఎన్‌ఎల్‌యూ విడిగా పెట్టే ఏఐఎల్ఈటీ కూడా రాసి ఉంటారు, వాళ్లలో కొందరు ఢిల్లీ ఎన్‌ఎల్‌యూకి వెళ్లిపోతారు, కొందరు ఐపీఎంకో ఢిల్లీ యూనివర్సిటీకో (డీయూ) పోతారు, కొందరు ఫ్లోట్ (వచ్చిన సీటు ఉంచుకుని పైదాని కోసం ఆగే ఆప్షన్) పెట్టి పై కాలేజీకి జరుగుతారు. వాళ్లు వదిలిన సీట్లు కిందకి దిగుతాయి. అందుకే ఫస్ట్ రౌండ్ క్లోజింగ్ ర్యాంకుకీ ఆఖరి రౌండ్ క్లోజింగ్ ర్యాంకుకీ తేడా ఉంటుంది, కొత్త ఎన్‌ఎల్‌యూల్లో ఆ తేడా ఇంకా ఎక్కువ. క్లాట్‌లో దాదాపు పాతిక యూనివర్సిటీలున్నాయి, బెంగళూరు, హైదరాబాద్ రెండే లేవు. 84 వచ్చిన ఆ అబ్బాయి ర్యాంకెంతో, కేటగిరీ ఏంటో, ఏ రాష్ట్రం లోకలో ఎవరూ అడగలేదు. మార్కులు చూసి తీర్పు ఇచ్చేశారు. కౌన్సెలింగ్‌కి రిజిస్టర్ చేసుకోనివాడికి ఆఖరి రౌండ్లో సీటు మిగిలినా ఇవ్వరు, పేరు లిస్టులోనే ఉండదు. ఫీజు గురించి భయమైతే రీఫండ్ రూల్సు నోటిఫికేషన్‌లోనే ఉంటాయి, చదువుకుని కట్టండి. ఫీజు భయానికి సంవత్సరం పోగొట్టుకోవడం ఏం లెక్క?

ఆ "ఒక సంవత్సరం ఆగండి" అన్న సలహా కింద ఎవరి ఫోన్ నంబర్ ఉందో చూశారా? కోచింగ్ సెంటర్‌ది. పదిహేడేళ్ల పిల్లాడి ఒక సంవత్సరం మీద నిర్ణయం, ఆ సంవత్సరం ఫీజు తీసుకునేవాడి చార్టు చూసి తీసుకుంటారా? లాంగ్ టర్మ్ తప్పని నేననట్లేదు, నిజంగా బెంగళూరో నల్సారో కావాలని పట్టుదల ఉండి ఎక్కడ మార్కులు పోయాయో తెలిసిన పిల్లలు తీసుకోవచ్చు. అది పిల్లాడు కౌన్సెలింగ్ అయ్యాక, చేతిలో ఏముందో చూసుకుని తీసుకోవాల్సిన నిర్ణయం.

ఇక ఐపీమ్యాట్‌లో 250 అన్నది. ఏ ఐపీమ్యాట్? 2025లో ఐఐఎం ఇండోర్‌ది 90 ప్రశ్నలు, 360 మార్కులు. రోహతక్‌ది పేరు అదే కానీ వేరే పరీక్ష, 120 ప్రశ్నలు, 480 మార్కులు. బోధ్‌గయ, జమ్మూ ఐఐఎంలకి జిప్‌మ్యాట్ అని ఇంకో పరీక్ష, 100 ప్రశ్నలు, 400 మార్కులు. 360లో 250 అంటే చాలా గొప్ప స్కోరు, 480లో 250 అంటే సగం కంటే కాస్త ఎక్కువ. మూడూ కలిపి ఒకే నంబర్ చెప్పేశాడు మహానుభావుడు.

అదీ కాక ఇండోర్‌లో టోటల్ ఒక్కటే చూడరు. మ్యాథ్స్ బిట్లు ఒక సెక్షన్, మ్యాథ్స్ షార్ట్ ఆన్సర్ ఒక సెక్షన్, వెర్బల్ ఒక సెక్షన్, దేనికదే కటాఫ్. ఉదాహరణకి ఒకమ్మాయికి వెర్బల్‌లో 150, మ్యాథ్స్ బిట్లలో 90 వచ్చాయనుకోండి, షార్ట్ ఆన్సర్‌లో మాత్రం ఒక్కటే కరెక్ట్ అయ్యి 4 వచ్చాయి. టోటల్ 244, చూడ్డానికి బ్రహ్మాండం. షార్ట్ ఆన్సర్ కటాఫ్ దాటకపోతే ఇంటర్వ్యూ కాల్ రాదు, అంతే. మన దగ్గర ఎంపీసీ పిల్లలకి ఇదే తిరగబడి జరుగుతుంది, మ్యాథ్స్ రెండు సెక్షన్లూ దున్నేసి వెర్బల్‌లో ఆగిపోతారు. టోటల్ చాలని చెప్పే మెసేజ్ చదివితే ఆ పిల్లాడు ఇంకో నెల కూడా మ్యాథ్సే చేస్తూ కూర్చుంటాడు. కాల్ కటాఫ్ దాటడమంటే సీటు వచ్చినట్టు కూడా కాదు, ఆ తర్వాత ఇంటర్వ్యూ మార్కులు కలిపి ఫైనల్ లిస్టు వేస్తారు. జిప్‌మ్యాట్‌కి ఇంటర్వ్యూ లేదు. ఇంత తేడా ఉన్నవాటిని ఒకే గాటన కట్టడం వల్లే తల్లిదండ్రులు గందరగోళపడుతున్నారు.

డీయూలో మేనేజ్‌మెంట్ డిగ్రీ బీఎంఎస్‌కి పాత సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రెన్స్) స్కోర్లు చూపించేవాళ్లు కూడా ఒక మాట వినండి, 2025 నుంచి ప్రతి పేపరూ 50 ప్రశ్నలు, 250 మార్కులు. అంతకుముందు అన్ని పేపర్లకీ ఇలా లేదు. పాత టోటల్‌ని కొత్త టోటల్‌తో పోల్చకండి.

అన్నీ పెట్టెయ్యాలన్న పాయింట్‌లో మాత్రం, ఒప్పుకోవాలి, లెక్క మెసేజ్ వైపే ఉంది. క్లాట్‌లో తప్పుకి పావు మార్కు పోతుంది, ఆప్షన్లు నాలుగు. 16 బిట్లు గుడ్డిగా పెడితే సగటున 4 కరెక్ట్, 12 తప్పు, 4 వచ్చి 3 పోతే ఒక మార్కు లాభమే. ఐపీమ్యాట్‌లో కరెక్ట్‌కి 4, తప్పుకి 1 కాబట్టి అదే నిష్పత్తి, షార్ట్ ఆన్సర్‌కి నెగెటివే లేదు, లాసెట్‌లో అసలు ఎక్కడా లేదు, వాటిల్లో ఖాళీ వదిలితే చేజేతులా పోగొట్టుకున్నట్టే. "నెగెటివ్ ఉంది, తెలియకపోతే ముట్టుకోవద్దు" అని పిల్లల్ని బెదరగొట్టే సార్ల కంటే ఈ ఒక్క విషయంలో మెసేజే నయం. రెండు ఆప్షన్లు తప్పని తేలిపోతే వదలడం అసలు తెలివైన పని కాదు. కాకపోతే సగటు అంటే సగటే, ఒక పరీక్షలో అటూ ఇటూ అవుతుంది, పాసేజ్ చదవకుండా పెడితే వలలాంటి ఆప్షన్‌లో పడే ఛాన్సు ఎక్కువ. ఇది చివరి రెండు నిమిషాల్లో చేసే పని, మొదటి గంటలో కాదు.

చివరిది బీసీ సర్టిఫికెట్. సగానికి పడిపోతుందన్నది ఎక్కడా లేదు, ఊహ. అసలు చూడాల్సింది వేరే. మన దగ్గర బీసీ-ఏ నుంచి బీసీ-ఈ దాకా ఇచ్చే కుల ధ్రువీకరణ పత్రం రాష్ట్రానిది. ఐఐఎంలకి అది చెల్లదు, వాళ్లకి సెంట్రల్ ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, మీసేవలో దానికి వేరే అప్లికేషన్. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ సెంట్రల్ లిస్టులో ఉండదు. ఎన్‌ఎల్‌యూల్లో ఓబీసీ రిజర్వేషన్ అన్నిచోట్లా ఒకేలా లేదు, కొన్నిచోట్ల ఆ రాష్ట్రం బీసీలకే వర్తిస్తుంది. అప్లికేషన్‌లో ఓబీసీ అని టిక్ పెట్టి వెరిఫికేషన్‌లో బీసీ-డీ కాగితం చూపిస్తే అక్కడికక్కడ జనరల్‌లోకి నెట్టేస్తారు, లేదంటే సీటే పోతుంది. కాబట్టి ఇంట్లో ఉన్న సర్టిఫికెట్ ఒకసారి బయటికి తీసి, అది రాష్ట్రానిదా సెంట్రల్‌దా, తేదీ ఎప్పటిది, పిల్లాడి పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉందా చూడండి. తేడా ఉంటే ఇప్పుడే అప్లై చెయ్యండి, రిజల్ట్స్ టైంలో తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడానికి కౌన్సెలింగ్ వాళ్లు టైమివ్వరు.