గండికోటకు ముందు కావలసింది జనం లెక్క

వరుస సెలవులు ఎప్పుడొస్తాయో ఏడాది ముందే తెలుస్తుంది. 2026లో గణతంత్ర దినోత్సవం సోమవారం పడింది, గాంధీ జయంతి శుక్రవారం, క్రిస్మస్ కూడా శుక్రవారమే. శని, ఆదివారాలతో కలిపి మూడేసి రోజులు చేతికి వచ్చినప్పుడు బెంగళూరులోను, హైదరాబాదులోను ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు కార్లు తీస్తారనీ, వాటిలో చాలా కార్లు కడప జిల్లా జమ్మలమడుగు దాటి, పెన్న లోయ అంచున ఉన్న గండికోట ఎక్కుతాయనీ చెప్పడానికి జోస్యం అక్కరలేదు. తుఫాను కబురు నాలుగు రోజుల ముందు అందితే గొప్ప. ఈ జనం కబురు క్యాలెండరు అచ్చయిన నాడే అందుతుంది. అయినా ఏర్పాట్ల మాట కోట దారిలో బళ్ళు నిలిచిపోయాక గాని గట్టిగా వినిపించదు. కొత్తగా ఏది కట్టాలన్నా, ఎంత ఖర్చు పెట్టాలన్నా, ఒక పూటలో ఎంతమందిని ఆ కోట, ఆ లోయ అంచు భరించగలవో ముందు తేల్చుకుని, ఆ లెక్కకు కట్టుబడి ఉండాలన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న విషయం.

ఈ పాఠం సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్ళు మనకంటే ముందే నేర్చుకున్నాయి. విశాఖపట్నంలో డిసెంబర్ 31 రాత్రి బీచ్ రోడ్డు మీద వాహనాలకు పోలీసులు ఆంక్షలు పెడతారు. ఆ రాత్రికి ఆ రోడ్డు నడిచేవాళ్ళది. గోవాలో 2008 నుంచి తీరం పొడవునా లైఫ్‌గార్డుల ఏర్పాటు ఉంది. ఈదడానికి అనువైన చోట ఎరుపు, పసుపు రంగుల జెండా, నీళ్ళలోకి దిగకూడని చోట ఎర్ర జెండా పాతుతారు. ఏ భాష మాట్లాడేవాడికైనా, చదువు రానివాడికైనా అది ఒక్క చూపులో అర్థమవుతుంది. విశాఖ పక్కనున్న ఋషికొండ తీరానికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి నాణ్యత, భద్రత, పరిశుభ్రత వంటి 33 అంశాలు చూసి ఇచ్చే గుర్తింపు అది. 2025లో నిర్వహణ సరిగా లేదన్న కారణంగా ఆ గుర్తింపు తాత్కాలికంగా పోయింది, లోపాలు సరిదిద్దాక మళ్ళీ దక్కింది. ఆ తీరంలో కట్టిన గదులు, వేసిన బాటలు మధ్యలో ఎక్కడికీ పోలేదు. రోజూ చూసుకోవలసిన పని తప్పింది, అంతే.

గండికోటకూ ఋషికొండకూ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. వచ్చే జనం ఒక్కరే, వచ్చే రోజులూ ఒక్కటే. కానీ మన చోటు ఇంకా కష్టమైన చోటు. విశాఖ తీరంలో జనం పెరిగితే ఇసుక మీద అటూ ఇటూ పరుచుకుంటారు. గండికోటలో పరుచుకోవడానికి జాగా లేదు. జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు వచ్చాక ప్రతి బండీ కోట ద్వారం దగ్గరికే చేరుతుంది. ఆ ద్వారం శత్రువుల ఏనుగులూ గుర్రాలూ నేరుగా దూసుకుని రాకుండా మలుపులు పెట్టి కట్టినది. కోటను ఏలిన పెమ్మసాని నాయకులకూ, 17వ శతాబ్దంలో కోట పట్టిన గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకూ అలాంటి ద్వారం వల్ల మేలే జరిగి ఉంటుంది. జనాన్ని ఆపడానికి కట్టిన ఆ ఇరుకులోకి ఇవాళ మనమే జనాన్నీ వాహనాలనూ కలిపి పంపుతున్నాం. పైగా కోట లోపల ఊరు ఉంది. అక్కడ సంసారాలు ఉన్నాయి, గొడ్లూ మేకలూ ఉన్నాయి, బడికి వెళ్ళే పిల్లలు ఉన్నారు. సెలవు రోజున ఆ ఊళ్ళో ఒక ముసలాయనకు గుండెనొప్పి వస్తే 108 వాహనం ఎదురొచ్చే కార్ల మధ్య నుంచి ఎలా లోపలికి వెళ్ళి బయటికి రావాలన్న ప్రశ్నకు పర్యాటకుల సంఖ్య గురించి సంబరపడే ఏ ప్రకటనలోనూ జవాబు దొరకదు.

ఇక్కడ రద్దీకి ఒక ప్రత్యేకమైన వేళ ఉంది. ఉదయం బెలుం గుహలు, మధ్యాహ్నం దారిలో భోజనం, సాయంత్రం గండికోటలో సూర్యాస్తమయం అన్నది చాలామంది వేసుకునే ప్రయాణం. అందువల్ల పగలంతా విడివిడిగా తిరిగిన జనం సాయంత్రం నాలుగున్నర, ఆరున్నర మధ్య జుమ్మా మసీదు, ధాన్యాగారం దాటుకుని ఒకే రాతి అంచు మీదికి చేరుతారు. సూర్యుడు దిగగానే అందరూ ఒకేసారి వెనుదిరుగుతారు, అప్పటికి చీకటి పడుతుంది. రోజు మొత్తానికి ఎంతమంది వచ్చారన్న లెక్క అందుకే పెద్దగా ఉపయోగపడదు. ఆ రెండు గంటల లెక్కే అసలైన లెక్క.

ఆ అంచును దగ్గరగా చూస్తే ప్రమాదం ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడిది పొరలు పొరలుగా పేరుకున్న క్వార్ట్జైట్ రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ శిలాశ్రేణికి గండికోట పేరే పెట్టారు. పెన్న కోసుకుపోయిన చోట ఆ పొరలు ఎర్రటి పలకలుగా, బల్లపరుపుగా, కూర్చోవడానికి పిలిచినట్టు కనిపిస్తాయి. పలకకూ పలకకూ మధ్య కొన్ని చోట్ల చెయ్యి పట్టేంత, కొన్ని చోట్ల మనిషి జారిపోయేంత నెర్రెలు ఉంటాయి. రాయి మీద పలచగా పరుచుకున్న ఇసుక మీద రబ్బరు చెప్పు నిలవదు. అన్నిటికంటే ముందుకు చొచ్చుకు వచ్చిన పలక మీదే ఫోటో బాగా వస్తుంది కాబట్టి దాని మీద ఒకరు నిలబడితే వెనుక మరో నలుగురు తమ వంతు కోసం నిలబడతారు, వాళ్ళ వెనుక పిల్లలు పరుగులు తీస్తూ ఉంటారు. కింద సుమారు 300 అడుగుల లోతు. ముందున్నవాడు వెనక్కి అడుగు వేయాలంటే వెనుక ఖాళీ ఉండాలి, ఆ సమయానికి ఖాళీ ఉండదు.

అంచు పొడవునా ఇనుప కంచె కట్టేస్తే సరిపోతుందని అనేవాళ్ళతో నేను ఏకీభవించలేను. అక్కడికి జనం వచ్చేదే అడ్డం లేని ఆ చూపు కోసం. పైగా కంచె ఉందన్న ధైర్యంతో దాని మీద వాలేవాళ్ళు, దాన్ని దాటేవాళ్ళు పెరుగుతారు. ఎక్కువమంది చేరే రెండు మూడు చోట్ల మాత్రం గట్టి కమ్మీలు కట్టి, మిగతా అంచంతటా మనుషులను కాపలా ఉంచడం సరైన దారి. ఎరుపు, పసుపు రంగుల జెండాలు సముద్రపు ఒడ్డుకే పరిమితం కానక్కరలేదు; నిలబడదగిన పలక ఏదో, అడుగు పెట్టకూడని పలక ఏదో రంగుతో చెప్పే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. రాయికి మాత్రం రంగు పూయకూడదు, పాతిన గడకు కట్టిన గుడ్డ చాలు. లోయలోకి దిగేవాళ్ళ విషయంలో నీటిపారుదల శాఖ కూడా కలిసి రావాలి. గండికోట జలాశయం నుంచి దిగువన మైలవరానికి నీళ్ళు వదిలే వేళలు పైన కాపలా ఉన్నవాళ్ళకు ముందుగా తెలియాలి.

జనం ఎక్కువైన చోట ప్రాణాలు ఎలా పోతాయో మన రాష్ట్రం పదే పదే చూసింది. 2015 జూలై 14న రాజమహేంద్రవరంలో పుష్కరాల మొదటి రోజున, 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర, అదే ఏడాది నవంబర్ 1న కాశీబుగ్గ వేంకటేశ్వరాలయంలో తొక్కిసలాటలు జరిగాయి. కాశీబుగ్గలో చనిపోయినవాళ్ళు తొమ్మిది మంది. అది కార్తీక మాసపు ఏకాదశి, పైగా శనివారం. జనం వస్తారని పంచాంగమే చెబుతున్న రోజు. మూడు చోట్లా జరిగింది దాదాపు ఒక్కటే: ఇరుకైన చోటికి చోటు పట్టనంత మంది ఒకే వేళకు చేరారు, వాళ్ళను దూరంలోనే ఆపే ఏర్పాటు పనిచేయలేదు. గండికోటలో ఇంతవరకు అలాంటిది జరగలేదంటే అది మన సన్నద్ధత వల్ల అని చెప్పుకోగలమా? నేను చెప్పలేను.

ఆపవలసింది కోట ద్వారం దగ్గర కాదు, జమ్మలమడుగులోనే. ఊటీ, కొడైకెనాల్ కొండలకు వెళ్ళే వాహనాలకు మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఈ-పాస్ తప్పనిసరి అయింది. 2025 ఏప్రిల్ నుంచి ఊటీకి మామూలు రోజుల్లో 6,000, శని, ఆదివారాల్లో 8,000 వాహనాలు అని పరిమితి కూడా పెట్టారు. అంత దూరం పోనక్కరలేదు, తిరుమల మన పక్కనే ఉంది. వేళ రాసిన టోకెను, ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి ఇంకొకటి, అలిపిరిలో తనిఖీ అన్న క్రమం రాయలసీమలో పుట్టి పెరిగినవాళ్ళకు కొత్తగా నేర్పవలసిన పని లేదు. కొండ ఎక్కాలంటే వేళ ప్రకారం ఎక్కాలని మనవాళ్ళు ఎప్పుడో ఒప్పుకున్నారు. గండికోటకు రెండో దారి వెంటనే వేయలేకపోయినా, సొంత వాహనాలను జమ్మలమడుగు శివార్లలో నిలిపించి, అక్కడి ఆర్టీసీ డిపో నుంచి చిన్న బస్సులు వరుసగా నడిపితే ఒక్క బస్సు పదిపన్నెండు కార్ల పని చేస్తుంది. 2016లో పూర్తయిన నంద్యాల, ఎర్రగుంట్ల రైలు మార్గంలో జమ్మలమడుగుకు స్టేషను కూడా ఉంది. రైలు దిగినవాళ్ళను కోటకు చేర్చే బస్సు ఉంటే కారు లేకుండా వచ్చేవాళ్ళు పెరుగుతారు.

ఇలా పరిమితి పెడితే స్థానికుల పొట్ట కొట్టినట్టవుతుందన్న మాట తప్పకుండా వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సెలవుల్లో వచ్చే జనం మీద ఆ ఊళ్ళో ఎన్నో ఇళ్ళు ఆధారపడ్డాయి: సంగటి, నాటుకోడి వండిపెట్టేవాళ్ళు, గుడారాలు అద్దెకిచ్చేవాళ్ళు, బుట్టలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ళు. కానీ నేనంటున్న పరిమితి వాహనాల మీద, సాయంకాలపు ఆ రెండు గంటల మీద. కారులో ఇరుక్కుని గంటన్నర కూర్చుని, చీకటి పడిపోతోందని పరుగున అంచు చూసి వెనక్కి పోయేవాడు ఎవరి దగ్గరా ఏమీ కొనడు. బస్సులో వచ్చి, మాధవరాయ స్వామి గుడి, మసీదు, ధాన్యాగారం తాపీగా చూసి, ఊళ్ళో భోంచేసి వెళ్ళేవాడే కొంటాడు. ఉదయం వేళకు టోకెను తీసుకున్నవాళ్ళకు రుసుము తగ్గిస్తే కొంత జనం సాయంత్రం నుంచి పొద్దుటికి మళ్ళుతుంది కూడా.

డబ్బు సంగతికి వస్తే, 2024 నవంబరులో కేంద్రం దేశవ్యాప్తంగా 40 పర్యాటక ప్రాజెక్టులను ఆమోదించినప్పుడు గండికోటకు 77.91 కోట్ల రూపాయలు వచ్చాయి. అది సంతోషించవలసిన విషయమే. అయితే ఆ పథకం రాష్ట్రాలకు మూలధన పెట్టుబడి కోసం ఇచ్చే 50 ఏళ్ళ వడ్డీలేని అప్పు. దానితో కట్టడాలు, సదుపాయాలు వస్తాయి, కాపలా మనిషికి నెల జీతం రాదు. మరోవైపు, 1958 నాటి పురావస్తు చట్టానికి 2010లో వచ్చిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కోట లోపలి ముఖ్య కట్టడాలు రక్షితమైనవే కాబట్టి జనం గుమిగూడే చోట పెద్దగా కట్టగలిగింది ఏమీ లేదు, కట్టకపోవడమే మంచిది. అక్కడ చేయగలిగినదంతా మనుషులతో చేయవలసిన పని, ప్రతి నెలా ఖర్చయ్యే పని. పార్కింగు, ప్రవేశ రుసుములను వేరే ఖాతాలో ఉంచి, ఆ డబ్బుతో గండికోట యువకులకే శిక్షణ ఇచ్చి అంచు కాపలా పెట్టాలి. ఏ పలక కదులుతుందో, ఏ నెర్రె మీద గడ్డి కప్పుకుని ఉందో వాళ్ళకు తెలిసినంతగా బయటినుంచి తెచ్చిన సెక్యూరిటీ మనిషికి తెలియదు. తాళ్ళు, స్ట్రెచర్లు వాళ్ళ చేతికే అందుబాటులో ఉండాలి, ఎందుకంటే ఆసుపత్రి ఉన్న జమ్మలమడుగు 15 కిలోమీటర్లు, ప్రొద్దుటూరు ఇంకా దూరం.

మరుగుదొడ్లు, మంచినీళ్ళ గురించి ఎక్కువ రాయనక్కరలేదు. సెలవు రోజుల మటుకు తాత్కాలిక మరుగుదొడ్లను బస్సు దిగే చోట పెట్టి, వాటికి నీళ్ళ ట్యాంకరు జమ్మలమడుగు నుంచే రావాలి. ఎండాకాలంలో ఊరివాళ్ళకే నీళ్ళు జాగ్రత్తగా వాడుకోవలసిన చోట పర్యాటకుల కోసం ఊరి కొళాయి మీద పడకూడదు. రాత్రి గుడారాల్లో ఉండేవాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు రాసుకున్నాకే గుడారం ఇవ్వాలన్న నియమం, అంచుకు ఎంత దూరంలో గుడారం వేయాలన్న హద్దు కచ్చితంగా అమలు కావాలి.

గండికోట ఉత్సవాలప్పుడు వేదికలు, బారికేడ్లు, వైద్య శిబిరాలు, ప్రత్యేక బస్సులు అన్నీ ఏర్పాటవుతాయి. ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణం నాడు వేలాదిమందిని గ్యాలరీల్లో కూర్చోబెట్టి, పెళ్ళి చూపించి, క్షేమంగా ఇళ్ళకు పంపిన అనుభవం కూడా ఈ జిల్లా యంత్రాంగానికి ఉంది. కాబట్టి చేతకాక జరగడం లేదని ఎవరూ అనలేరు. వరుస సెలవులను ఎవరూ ఉత్సవంగా లెక్కపెట్టకపోవడం వల్ల వాటికి ఒక బాధ్యుడైన అధికారి ఉండడం లేదని నాకనిపిస్తుంది. పోలీసు, రెవెన్యూ, పర్యాటక, పురావస్తు, నీటిపారుదల శాఖలూ ఆర్టీసీ ఒకే పూట ఒకే చోట పనిచేయవలసిన రోజది. వాటన్నిటికీ కలిపి మాట చెప్పే ఒక్క మనిషి ఉండాలి, ఆయన ఫోను నంబరు కోట ద్వారం దగ్గర బోర్డు మీద ఉండాలి. ఏడాదికి అలాంటి వారాంతాలు కొన్నే ఉంటాయి. వాటి జాబితా జనవరిలోనే కలెక్టరేటు నుంచి వెలువడితే, అక్టోబర్ 2 శుక్రవారానికి బస్సులు ఎన్ని కావాలో, జమ్మలమడుగులో ఏ మైదానం పార్కింగుకు ఇవ్వాలో, అంచు మీద ఎవరెవరు ఉండాలో సెప్టెంబర్ మొదటి వారానికి కాగితం మీద తేలిపోతుంది. మొదటిసారి లెక్క కొంత తప్పవచ్చు. ఆ మూడు రోజులూ గంటగంటకూ లోపలికి ఎంతమంది వెళ్ళారో, ఎంతమంది బయటికి వచ్చారో రాసిపెడితే డిసెంబర్ 25 శుక్రవారానికి ఆ తప్పు సరిదిద్దుకోవచ్చు.