కొత్తిమీర వద్దంటే వద్దనే!

కొత్తిమీర వద్దు అని చెబితే అర్థం కాకపోవడానికి అందులో ఏముంది? హోటల్లో సరేనంటారు, తీరా చూస్తే సాంబారు మీద పచ్చగా తేలుతూ వస్తుంది. "పక్కకి తీసేసి తినండి సార్" అని సలహా ఒకటి. వాసనని కూడా చెంచాతో తీసేయాలా?

పెళ్లి భోజనాల సంగతి చెప్పక్కర్లేదు. రసం, కుర్మా, పెరుగుపచ్చడి, ఆఖరికి మజ్జిగ! పైగా పిన్ని అందుకుంటుంది: "చిన్నప్పుడు అలవాటు చెయ్యలేదు, గారాబం!"

గారాబం కాదు పిన్నీ, కొంత పుట్టుకతో వచ్చిందే. కొత్తిమీర వాసనలో ఆల్డిహైడ్లు అనే రసాయనాలు ఉంటాయి. సబ్బు వాసనలోనూ అలాంటివే. వాటిని పసిగట్టే ఓఆర్6ఏ2 అనే జన్యువు దగ్గర తేడా ఉన్నవాళ్లలో కొందరికి సబ్బే గుర్తొస్తుంది. మీకు ఘుమఘుమలాడే చారు నాకు బట్టలుతికిన నీళ్లు.

ఒకటే పదార్థం అందరికీ ఒకే రుచిగా ఉండదని 1931లోనే ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త చెప్పాడు. ల్యాబులో పీటీసీ అనే రసాయనం పొడి గాల్లోకి లేస్తే పక్కాయనకి చేదు, ఈయనకి ఏమీ తెలియలేదట. ఒకే గది, ఒకే పొడి! అయినా మనవాళ్లు ఒప్పుకుంటారా? "అందరూ తింటున్నారుగా, నీకేమైంది?"

షుగర్ ఉందంటే స్వీటు వెయ్యరు. ఉపవాసమంటే ఉల్లిపాయ లేకుండా విడిగా వండుతారు. నా దగ్గరికొచ్చేసరికి మాత్రం "కొంచెమేగా, ఏం కాదు". ఎలాగూ చివర్లో చల్లేదేగా, నాకు ఒక గిన్నెలో తీసిపెట్టాక చల్లితే ఏం పోతుంది?