గోడ లేని గేటుకి తాళం

మా ఊరికి గేటు వచ్చింది.

నవ్వకండి. మా ఊరికి ఏదైనా రావడమంటే మాటలు కాదు. బస్సు వచ్చింది, పొద్దున్న ఒకసారి సాయంత్రం ఒకసారి, అదీ డ్రైవరుకి బుద్ధి పుడితే. కుళాయిలు వచ్చాయి, నీళ్లు ఇంకా దారిలో ఉన్నాయి. పిలవకుండా టైముకి వచ్చేవి తుపాన్లు ఒక్కటే. అలాంటి ఊరికి ఇరవై అడుగుల ఆర్చి, ఆర్చి మీద రెండు సిమెంటు సింహాలు, కింద నల్ల రంగు వేసి బంగారు రంగు బాణాలు పెట్టిన ఇనప గేటు, గేటుకి అరచెయ్యంత తాళం వచ్చాయంటే, విజయనగరం జిల్లా ముందుకు పోవడం లేదని ఎవరైనా అనగలరా?

గేటుకి అటూ ఇటూ గోడ లేదు. ఆ మాటకొస్తే కంచె కూడా లేదు, ముళ్ల కంప కూడా లేదు. గేటు స్తంభం పక్కన మొన్నటిదాకా చోడి పండిన మడి ఉంది. అందులోంచి మేకలు లోపలికి పోతాయి, కుక్కలు బయటికి వస్తాయి, బడిపిల్లలు సైకిళ్లు తొక్కుకుంటూ రెండు వైపులా తిరుగుతారు. గేటు మాత్రం తాళం వేసే ఉంటుంది. గేటెడ్ కమ్యూనిటీ అని బ్రోచర్‌లో రాశారు. గేటు ఉంది కదా, కమ్యూనిటీ తర్వాత వస్తుంది.

ఊరి చివర చింతచెట్టు దాటితే గ్రామకంఠం, అంటే ఇళ్లున్న భాగం, అయిపోతుంది. ఆ తర్వాత పద్ధెనిమిది ఎకరాల్లో ఈ వెంచర్. మేము ఎకరా అంటే ఎన్ని బస్తాలని అడిగే మనుషులం. వీళ్లకి ఎకరా అంటే 4,840 గజాలు. పద్ధెనిమిది ఎకరాలంటే 87,120 గజాలని వాళ్ల మేనేజరు నాకు ఫోనులో చూడకుండా చెప్పాడు. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మేష్టారిని, నాకు ముచ్చటేసింది. ఆ పొలంలో ఏం పండేదని అడిగితే మాత్రం ఫోను తీశాడు.

బ్రోచర్ గురించి ఒక్క మాట. అందులో నీలం నీళ్ల ఈతకొలను, పచ్చిక మీద పరిగెత్తే తెల్లపిల్ల, వెనకాల మా ఊళ్లో ఎవరూ ఎప్పుడూ చూడని కొండ ఉన్నాయి. ‘భోగాపురం ఎయిర్‌పోర్టుకి 15 నిమిషాలు’ అని పెద్దక్షరాల్లో ఉంది. విమానంలోంచి కొలిచి ఉంటారు. ఆ ఎయిర్‌పోర్టుకి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి మళ్లీ చేశారు. ఎయిర్‌పోర్టు ఒకటి, రాళ్లు రెండు. చుట్టూ గజం ధర మాత్రం రాయి పడ్డప్పుడల్లా పెరిగింది, రాయి పడుతుందని పుకారు పుట్టినప్పుడూ పెరిగింది. విజయనగరం జాతరలో ఊరేగించే సిరిమాను కోసం చింతచెట్టు ఎక్కడుందో పైడితల్లమ్మ పూజారికి కలలో కనిపించి చెబుతుందంటారు. మా వైపు బ్రోకర్లకి ఏ అమ్మవారు కనిపిస్తుందో గానీ, ఎవరి కూతురికి పెళ్లి కుదిరిందో, ఎవరి ఇంట్లో ఆపరేషనుకి డబ్బు కావాలో, తెల్లారేసరికి వాళ్ల అరుగు మీద ఉంటారు.

సరే, అసలు సంగతి. ఈ ప్రతిపాదిత లేఅవుట్‌ని సమీక్షించడానికి ఒక కమిటీ పడింది. సర్పంచ్ గారి భర్త (సర్పంచ్ గారు ఇంటి దగ్గర వంటలో ఉన్నారు), పంచాయతీ కార్యదర్శి, సర్వేయరు, పట్నం నుంచి ఒక ఇంజనీరు గారు, వెంచర్ మేనేజరు, నేను. నన్నెందుకు వేశారంటే, ఊళ్లో మంచి గొడుగు నా దగ్గరే ఉంది.

పదకొండు గంటలకి గేటు ముందు కారు ఆగింది. గేటుకి తాళం. వాచ్‌మన్ లేడు.

పక్కనుంచి వెళ్దామన్నాను. నాలుగడుగుల దూరం. నా చెప్పుల మీద ఒట్టు, నాలుగే అడుగులు. ఇంజనీరు గారు నా వైపు జాలిగా చూశారు. ‘‘తనిఖీ ఎంట్రన్స్ నుంచే మొదలవ్వాలండీ. పక్కనుంచి వెళ్తే ఎన్‌క్రోచ్‌మెంట్ కింద వస్తుంది’’ అన్నారు. కార్యదర్శి తల ఊపి, ఆ ముక్క పుస్తకంలో రాసుకున్నాడు. దాంతో కమిటీ యావత్తూ గేటు ముందు నిలబడింది. ఎండ మాడుతోంది. నా ఒక్క గొడుగు కింద నలుగురు బుర్రలు దూర్చారు. గొడుగు యజమాని బయట.

ఈలోగా మేకల మంద వచ్చింది. గేటు పక్కనుంచి లోపలికి పోయింది. వెనకాల కాసే గుంటడు వచ్చి, మమ్మల్ని ఎగాదిగా చూసి, ‘‘ఏటి బాబూ, గేటుకి దణ్ణం పెడతన్నారేటి?’’ అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. సర్వేయరు కాలక్షేపానికి టేపు తీసి గేటు వెడల్పు కొలిచాడు. బయటినుంచి ఒకసారి. లోపలినుంచి కొలవాలంటే తాళం రావాలి. ఒక ముసలావిడ నెత్తిన కట్టెలమోపుతో లోపలినుంచి గేటు పక్కగా బయటికొచ్చింది. ‘‘ఎవరికోసం బాబూ?’’ అంది. తాళం కోసమన్నాం. ‘‘దేనికి?’’ అంది. నిజానికి ఆ రోజు ఆ స్థలంలో జరిగిన సమీక్ష మొత్తం ఆ ఒక్క ప్రశ్నే. మినిట్స్‌లో మాత్రం ఎక్కలేదు.

ఖాళీగా ఉండడం దేనికని మేనేజరుని ప్లాను అడిగాను. కారు బానెట్ మీద పరిచాడు. అందంగా ఉంది, ఒప్పుకోవాలి. 2017 లేఅవుట్ నిబంధనల ప్రకారం రోడ్లు నలభై అడుగులు, సరిగ్గా గీశారు. పది శాతం ఖాళీ స్థలం వదలాలి, వదిలారు. చిల్డ్రన్స్ పార్క్ అని ఆకుపచ్చ రంగు వేశారు. ఎక్కడా అని వేలు పెట్టి చూస్తే చెరువు గర్భంలో. అంటే శ్రావణం నుంచి సంక్రాంతి దాకా పిల్లలు ఈత నేర్చుకుంటారు, బ్రోచర్‌లో ఈతకొలను అబద్ధం కాదన్నమాట. పనులన్నీ పూర్తి చేస్తాననే పూచీకి పదిహేను శాతం ప్లాట్లు ప్రభుత్వానికి తనఖా పెట్టాలి. అవీ పెట్టారు. 112 నుంచి 149 వరకూ. నేను కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాను. ముప్ఫై ఎనిమిది ప్లాట్లూ గెడ్డలో, అంటే పై చెరువు నీళ్లు దిగే వాగులో ఉన్నాయి.

గెడ్డ ఏదని అడిగాను. ప్లానులో లేదన్నాడు. ‘‘ప్లానులో లేదు సరే బాబూ, నీ వెనకాల ఉంది చూడు’’ అన్నాను. వెనక్కి తిరిగి చూశాడు. ‘‘అది కాలవండీ, డైవర్ట్ చేస్తాం’’ అన్నాడు.

గ్రామసభలో నేను ఇది ముందే చెప్పాను. 2011 జనవరిలో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి చెరువులు, ఉమ్మడి భూములు ఆక్రమించుకున్నవాళ్లని ఖాళీ చేయించమని అన్ని రాష్ట్రాలకీ చెప్పిందని, తీర్పు తెలుగులో రాసుకుని తీసుకెళ్లి చదివాను. అంతా విని ఒక పెద్దమనిషి, ‘‘అది పంజాబ్ చెరువండీ మేష్టారూ, మనది విజయనగరం కదా’’ అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. తీర్మానం పుస్తకంలో సంతకాలు అంతకు ముందురోజే అయిపోయాయట, చప్పట్లు ఒక్కటే మిగిలాయి.

మళ్లీ గేటు దగ్గరికి వద్దాం, కమిటీ ఇంకా అక్కడే ఉంది.

పన్నెండు దాటాక డప్పులు వినిపించాయి. ఊళ్లోంచి శవం వస్తోంది. ముందు రోజు రాత్రి పోయిన ముసలామె, మా వీధిలో అందరికీ అప్ప. పాడె మోస్తున్న నలుగురిలో కుడివైపు ముందు ఉన్నవాడు, నీలం చొక్కా, మెడలో విజిల్, మన వాచ్‌మన్. మేనేజరు ఆయన్ని సెక్యూరిటీ అంటాడు. ఊళ్లో సగం మంది మావా అంటారు. ఈ పద్ధెనిమిది ఎకరాల్లో అరవై సెంట్లు ఆయనవే, రెండేళ్ల కిందటి దాకా. ఇప్పుడు అదే అరవై సెంట్లకి నెలజీతం మీద కాపలా.

‘‘సెక్యూరిటీ! తాళం ఏది?’’ అని మేనేజరు కేకేశాడు.

మావ ఆగలేదు. పాడె మీద ఉన్నావిడని దింపి గేటు తీయడం కుదరదు కదా. ‘‘మొలకుంది బాబూ, తీసీసుకోండి’’ అన్నాడు నడుస్తూనే.

మొలకి ఉంది, నిజమే. ఎర్ర మొలతాడుకి ఇత్తడి తాళంచెవి, పంచె పైన వేలాడుతోంది. అందరికీ కనిపిస్తోంది. తీసుకునేవాడు ఏడీ? ఇంజనీరు గారు సర్వేయరుని చూశారు. సర్వేయరు కార్యదర్శిని చూశాడు. కార్యదర్శి చేతులు వెనక్కి పెట్టుకుని, ఇంట్లో చెల్లెలి నిశ్చితార్థం ఉందన్నాడు. సర్పంచ్ గారి భర్త అప్పటికే కారు అవతలికి వెళ్లిపోయారు. మైల పడిన తాళంచెవి మా ముందునుంచి మెల్లగా ఊగుతూ వెళ్తోంది, దాని వెనకాల మేము నలుగురం చెయ్యి చాపీ చాపకుండా రెండడుగులు నడిచాం. డప్పు కొట్టేవాడు మా నడక చూసి దరువు మార్చాడనే నా అనుమానం.

గేటు దగ్గరికి వచ్చేసరికి మేనేజరు చేతులు జోడించాడు. ‘‘దయచేసి ప్లాట్ల మీంచి తీసుకెళ్లొద్దండీ, కస్టమర్లకి సెంటిమెంటు ఉంటుంది, ఆదివారం సైట్ విజిట్ ఉంది’’ అని.

మావ అప్పుడు ఆగాడు. భుజం మార్చుకోకుండానే అన్నాడు. ‘‘ప్లాటేటి బాబూ? ఇది శ్మశానం దారి కాదేటి? మా అయ్యని ఇటే తీసుకెల్లినాం. మా అమ్మని ఇటే తీసుకెల్లినాం.’’

పాడె గేటు పక్కనుంచి, ఆ నాలుగడుగుల మడిలోంచి, లోపలికి వెళ్లింది. 41 నుంచి 46 వరకూ ఉన్న ఈస్ట్ ఫేసింగ్ ప్లాట్ల మీంచి, సున్నం వేసిన హద్దురాళ్లు దాటుకుంటూ. కమిటీ చెప్పులు విడిచి నిలబడింది. అంతవరకూ మర్యాద తెలిసినవాళ్లమే. తర్వాత చెప్పులు తొడుక్కుని, కారెక్కి, టీ తాగడానికి నెల్లిమర్ల వెళ్లిపోయారు. తనిఖీ పూర్తయింది.

రిపోర్టు కాపీ కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి, ఇచ్చారు, ఆ విషయంలో ఎవరినీ తప్పుపట్టను. ఒకే పేజీ. ‘సదరు భూమి గ్రామ సరిహద్దు వెలుపల ఖాళీగా ఉన్నది. తనిఖీ సమయమున స్థలములో ఎవరును లేరు.’

ఖాళీ.

ఆ మాట చదివాక నాకు వ్యంగ్యం రావడం లేదు, క్షమించండి. చింతచెట్టు దగ్గర గ్రామకంఠం అయిపోతుంది గానీ ఊరు అయిపోదని పుట్టినవాడికెవడికైనా తెలుసు. ఊరంటే మేం పడుకునే ఇళ్లొక్కటేనా? కల్లాలు ఎక్కడ వేస్తాం? పశువులు ఎక్కడ మేస్తాయి? ఆడవాళ్లు ఉభాలకి, అదే నాట్లకి, ఎక్కడికి పోతారు? చచ్చినవాళ్లని ఎక్కడ పెడతాం? అన్నీ ఆ గీత అవతలే. ఆ రోజు పాడె మీద వెళ్లిన మనిషి ఆ మడుల్లో నలభై ఏళ్లు నడుం వంచి నాట్లు వేసింది. ఒక సెంటు ఆమె పేరు మీద లేదు, కాబట్టి అమ్మిన డబ్బులో ఒక రూపాయి ఆమెకి రాలేదు, ఆమెలాంటి ముప్ఫై మందికి ఎవరికీ రాలేదు. అడంగల్‌లో, అదే పొలాల రికార్డులో, కూలికి కాలమ్ లేదు. మడి పోయినప్పుడు రైతు లెక్క తేలింది, కూలిదాని లెక్క ఎవడూ అడగలేదు. సమీక్షించడానికి వెళ్లిన ఆరుగురిలో నేనూ ఒకణ్ణి, నేనూ అడగలేదు. గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

ఇక గెడ్డ. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. పై చెరువు నిండి, ఆ నీళ్లన్నీ ఈ గెడ్డలోంచే పోయాయి. గట్లు తెంచుకునే పోయింది, అయినా పోయింది, పోవడానికి దారి ఉంది కాబట్టి. దిగువన ఉన్న కాలనీలో మోకాల్లోతు వచ్చి ఆగింది. ఇప్పుడు ఆ గెడ్డని గ్రావెల్‌తో పూడ్చి, కింద రెండడుగుల సిమెంటు తూము వేశారు. రెండడుగులు! పై చెరువు నీళ్లు ఆ తూములోంచి పోతాయని సంతకం పెట్టిన మనిషి, ఒక్క వానాకాలం, ఒక్క రాత్రి, ఆ కాలనీలో చివరి ఇంట్లో పిల్లలతో పడుకోవాలి. పడుకోడు. ఆయన విశాఖలో నాలుగో అంతస్తులో ఉంటాడు. నీళ్లు వచ్చాక మాత్రం వస్తాడు, నష్టం అంచనా వేయడానికి, అప్పుడు గేటు తాళం కోసం కూడా ఆగడు.

అనుమతి రాకపోతే ఏమవుతుందని మేనేజరుని తర్వాత ఒకసారి అడిగాను. నవ్వాడు. ‘‘ఎల్ఆర్ఎస్ ఉంది కదండీ’’ అన్నాడు. నిజమే, 2020లో ఒకసారి వచ్చింది, 2025లో మళ్లీ వచ్చింది, గడువు దాటిపోతే పొడిగింపు ఉంటుంది. ఆ స్కీము తెరిచినప్పుడల్లా అనధికార లేఅవుట్‌లో ప్లాటు కొన్నవాళ్లు ఫీజు కట్టి సక్రమం చేయించుకోవచ్చు. ఫీజు కొన్నవాడిది. అమ్మినవాడు అప్పటికి వేరే ఊళ్లో వేరే ఆర్చికి సింహాలు బేరం చేస్తూ ఉంటాడు.

పోయిన సోమవారం అభ్యంతరం రాసి ఆఫీసుకి తీసుకెళ్లాను. గెడ్డ, చెరువు గర్భం, శ్మశానం దారి, మూడూ సర్వే నంబర్లతో సహా. కౌంటర్లో అబ్బాయి మర్యాదగానే తీసుకున్నాడు, నా దగ్గర చదువుకున్నవాడే. కంప్యూటర్లో ఏదో తెరిచి, ‘‘మీ ప్లాట్ నంబరు ఎంత మేష్టారూ?’’ అన్నాడు.

నాకు ప్లాటు లేదన్నాను.

కాసేపు స్క్రీన్ వంక చూశాడు. ‘‘ఆ బాక్స్ ఖాళీగా ఉంటే సబ్‌మిట్ అవ్వదండీ’’ అన్నాడు.